వార్తా రచన పోటీకి నిబంధనలు రాయాలి, పోయినేడు జరిగింది మళ్లీ జరగకూడదు

తెలుగు మేడమ్, పార్వతీపురం

అందరికీ నమస్కారం. పార్వతీపురం దగ్గర ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతుంటాను. మా చుట్టుపక్కల ఏడు కాలేజీలు కలిసి ఏటా డిసెంబర్‌లో ఇంటర్ పిల్లలకి వార్తా రచన పోటీ పెడతాం. పెద్ద పోటీ ఏం కాదు. మొదటి బహుమతి రెండువేలు, ఒక నిఘంటువు, ఒక షీల్డు. దాని నిబంధనలు ఎవరు రాశారో కూడా ఎవరికీ తెలియదు, పాత సర్క్యులర్‌లో సంవత్సరం మార్చి పంపేస్తుంటాం. ఈసారి కొత్తగా రాసే పని నా నెత్తిన పడింది. ఎందుకు పడిందో చెబితే గానీ నా ప్రశ్న మీకు అర్థం కాదు.

పోయినేడు మొదటి బహుమతి ఏనుగుల మీద రాసిన వార్తకి వచ్చింది. మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, కురుపాం, కొమరాడ మండలాల్లో ఏనుగుల గుంపు తిరగడం, అరటి, చెరకు, వరి తొక్కేయడం ఏళ్లుగా ఉన్న గొడవే. మా పిల్లల్లో సగం మందికి ఏనుగు చూసిన కథ ఒకటి ఉంటుంది. కాబట్టి ఆ అబ్బాయి రాసింది మాకు సహజంగానే అనిపించింది. ముగ్గురం జడ్జీలం, ముగ్గురం ఎక్కువ మార్కులు వేశాం.

బహుమతి ప్రదానం కవర్ చేయడానికి మండల విలేకరి ఒకాయన వచ్చారు. గెలిచిన వార్తల్ని డ్రాయింగ్ షీట్ల మీద అంటించి వరండా గోడకి పెట్టాం. ఆయన ఫోటోలు తీసుకుంటూ తీసుకుంటూ ఒక షీట్ దగ్గర ఆగిపోయారు. చదివారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు. నా దగ్గరికొచ్చి, పక్కవాళ్లకి వినపడకుండా, "మేడమ్, ఇది నా ఐటెమ్" అన్నారు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆయన ఫోన్‌లో అక్టోబర్ నాటి జోన్ పేజీ (మా ప్రాంతం వార్తలు వేసే పేజీ) తీసి చూపించారు. అక్షరం తేడా లేదు. రెండిట్లోనూ "రెండెకరాల అరటి తోట ధ్వంసం" అని ఉంది. "అసలు అది కూడా తప్పండి, పన్నెండు ఎకరాలు. నేను ఫోన్లో చెబితే, ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కులో రెండు అని పడింది. మర్నాడు సవరణ వేశారు" అన్నారాయన. మావాడు సవరణ చూడలేదు. తప్పుతో సహా దించేశాడు.

ఇంటికెళ్లి ఆ కాగితం ఇంకోసారి తీసి చదివితే అప్పుడు నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు. మూడో పేరాలో "అటవీశాఖ అధికారి విలేకరులతో మాట్లాడుతూ" అని ఉంది. పదిహేడేళ్ల కుర్రాడు, సైకిల్ మీద కాలేజీకి వస్తాడు. వాడి కోసం అధికారి ప్రెస్‌మీట్ పెట్టాడా? ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో ఒక టిక్కు, "చక్కని పత్రికా భాష" అని ఒక మెచ్చుకోలు. ఆ చేతిరాత నాదే.

పాత నిబంధనలు పదకొండు. తెల్ల కాగితం, ఎడమవైపు అంగుళంన్నర మార్జిన్, నీలం సిరా, 500 పదాలు మించరాదు, అక్షరదోషానికి అరమార్కు కోత, ప్రిన్సిపాల్ సంతకం, గడువు పదిహేను రోజులు, నిర్వాహకులదే తుది నిర్ణయం. ఇంకా ఇలాంటివే. "ఈ వార్త నీకు ఎక్కడిది?" అని అడిగే నిబంధన ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఇప్పుడు నేను తేల్చుకోలేకపోతున్నవి చెబుతాను. పేపర్ నుంచి దించితే ఏదో ఒకరోజు దొరుకుతారు, ఫోన్‌లో ఏఐని అడిగి రాయించుకొస్తే ఎలా పట్టుకోవాలి? అసలు పట్టుకోవాలా?

రెండోది, నన్ను ఇంకా బాధపెడుతున్నది. సీతంపేట వైపు నుంచి వచ్చే సవర గిరిజన అమ్మాయి ఒకతి, వాళ్ల ఊళ్లో గర్భిణిని డోలీలో మోసుకెళ్లిన సంగతి రాసింది. మోసినవాళ్లలో ఒకరి తల్లి చెప్పిన మాటలు కొటేషన్లలో పెట్టింది. ఆ పెద్దావిడ చెప్పింది సవరలో, ఈ పిల్ల రాసింది తెలుగులో. మా తోటి జడ్జి ఒకరు "కొండ మీద ముసలమ్మ ఇంత మంచి తెలుగు మాట్లాడుతుందా, కల్పించింది" అని మార్కులు కోసేశారు. దించినవాడికి మొదటి బహుమతి, వెళ్లి విని వచ్చిన పిల్లకి కల్పించావన్న పేరు.

మూడోది, పిల్లలు సొంత కాలేజీ మీదో హాస్టల్ మీదో రాస్తే ప్రిన్సిపాల్ సంతకం పెట్టరు. ఆ నిబంధన తీసేస్తే కాలేజీలు పోటీకి పంపవు. నాలుగోది చిన్నదే, ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకీ తెలుగులో రాసేవాళ్లకీ అదే 500 పదాలు అంటే న్యాయమేనా?

పత్రికల్లో పనిచేసినవాళ్లు, పోటీలు పెట్టినవాళ్లు, పోటీల్లో రాసినవాళ్లు ఎవరైనా చెప్పండి. గడువు దగ్గర పడుతోంది, నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది.

పాత డెస్కు, విశాఖ

మేడమ్ గారూ, ముప్పై ఏళ్లు జిల్లా డెస్కులో కూర్చున్నవాణ్ని. రిటైరయ్యాక కాలేజీల వాళ్లు జడ్జిగా పిలిస్తే వెళుతుంటాను. శాలువాలు పద్నాలుగు పోగయ్యాయి, మా ఆవిడ ఒకటి ఫ్రిజ్ మీద కప్పింది.

ముందు ఆ టిక్కు సంగతి వదిలేయండి. "విలేకరులతో మాట్లాడుతూ" అన్న మాట మా డెస్కులో ప్రతి కాపీలోనూ వచ్చేది. రోజూ చూసే కళ్లు దాన్ని చదవవు, దాటిపోతాయి. ఊళ్ల నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్ ఒక్కడే వెళ్లి ఒక్కడే విన్నా అలాగే రాసేవాడు. మావాళ్లకే ఆ రోగం ఉంటే మీ కుర్రాణ్ని ఏమనగలం.

మీ పదకొండులో పది తీసేసి ఒకటి పెట్టండి. వార్తతో పాటు నోటుపుస్తకం ఇవ్వాలి. ఫెయిర్ చేసింది వద్దు. అక్కడికక్కడ రాసుకున్నది కావాలి, కొట్టివేతలతో సహా. ఎవరితో మాట్లాడారు, ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఎక్కడ. దొంగ నోటుపుస్తకం రాసుకురావచ్చు కదా అంటారు. రావచ్చు, కానీ అది చాలా కష్టం. నిజం నోటుపుస్తకంలో పనికిరానివే ఎక్కువ ఉంటాయి. బస్సు టికెట్ ఉంటుంది. దొరకని మనిషి ఫోన్ నంబర్ ఉంటుంది. "సార్ లంచ్‌కి వెళ్లారు, మూడుకి రమ్మన్నారు, మూడుకీ లేరు" అని ఉంటుంది. కల్పించేవాడికి ఇవి కల్పించాలని తోచదు. వాడి పుస్తకంలో అన్నీ వార్తకి సరిగ్గా సరిపోయేవే ఉంటాయి. చూడగానే తెలిసిపోతుంది.

కొన్నేళ్ల కిందట ఒక పోటీలో ఒకమ్మాయి హాస్టల్ నీళ్ల మీద రాసింది. భాష అంతంతమాత్రం, ఒత్తులు ఎక్కడ పడితే అక్కడ. రాసుకున్న కాగితాలు ఉన్నాయా అమ్మా అని అడిగితే రికార్డు బుక్కు వెనక పేజీలు చింపినవి ఇచ్చింది. వాటిలో ఒక బొమ్మ, నీళ్ల ట్యాంకు. పక్కన అడ్డగీతలు. ఏమిటిది అంటే, ట్యాంకులో నీళ్లు ఎంత ఉన్నాయో అడిగితే ఎవరూ చెప్పలేదట. చున్నీ చివర రాయి కట్టి, జానకో ముడి వేసి, ట్యాంకులోకి దించిందట. పొద్దున ఆరింటికి తొమ్మిది ముడులు తడిశాయి. ఎనిమిదింపావుకి రెండు. ఆ రెండు ముడుల నీళ్లతోనే సాయంత్రం దాకా అందరూ గడపాలి.

ఆ లెక్క ఆమె వార్తలో లేదు! వార్తలో "నీటి ఎద్దడి తీవ్రంగా ఉంది" అని రాసింది. పేపర్లో అలాగే రాస్తారు కదండీ అంది. నాకు ఆ రోజు మా పేపర్ల మీదే కోపం వచ్చింది.

నేను మొదటి బహుమతి ఆ అమ్మాయికే అన్నాను. మిగతా ఇద్దరు జడ్జీలు ఒక నది కన్నీరు పెట్టుకున్నట్టు రాసిన వ్యాసానికి ఇచ్చారు. వాళ్ల తప్పు లేదు. నిబంధనల్లో "శైలికి 40 మార్కులు" అని ఉంది, సేకరణ అన్న మాటే లేదు. అందుకని మార్కుల పట్టిక మీరే రాయండి, జడ్జీల మంచితనానికి వదలొద్దు. సమాచారం తెచ్చిన కష్టానికి 50, పేర్లు అంకెలు సరిగ్గా ఉన్నందుకు 25, రాసిన తీరుకి 15, శీర్షికకి 10. మీరు తెలుగు చెబుతారు కాబట్టి 15 తక్కువ అనిపిస్తుంది. అనిపించనీయండి.

సవర పెద్దావిడ మాట గురించి. "సవర భాషలో చెప్పారు, తెలుగులోకి విలేకరి మార్చారు" అని వార్తలోనే ఒక ముక్క ఉంటే చాలు, కొటేషన్లు పెట్టుకోవచ్చు. వీలైతే ఫోన్‌లో ఆమె గొంతు రికార్డు చేసి ఉంచుకోవాలి, ఆమెకి చెప్పి. మార్చేటప్పుడు ఆవిడ మాటకి మెరుగులు దిద్దకూడదు, అంతే. ఇంకోటి, మాట్లాడిన మనిషి రాసేవాళ్లకి చుట్టమైతే ఆ సంగతి చెప్పాలని నిబంధన పెట్టండి. మా నాన్న మీద వార్త రాయొచ్చు, మా నాన్న అని దాచకూడదు.

పేరు దాచమన్నవాళ్ల సంగతి వేరే. పాఠకులకి పేరు తెలియకపోయినా జడ్జీల్లో ఒక్కరికైనా తెలియాలి. మూసిన కవర్‌లో ఇవ్వమనండి. 1980లో వాషింగ్టన్ పోస్ట్‌లో జానెట్ కుక్ అనే విలేకరి హెరాయిన్‌కి అలవాటుపడిన ఎనిమిదేళ్ల పిల్లాడి కథ రాసింది. పిల్లాడి పేరూ ఇల్లూ ఎడిటర్లకైనా చెప్పి తీరాలని ఎవరూ పట్టుబట్టలేదు. 1981 ఏప్రిల్‌లో దానికి పులిట్జర్, అంటే అమెరికాలో పత్రికా రచనకి ఇచ్చే పెద్ద బహుమతి, వచ్చింది. పిల్లాడే లేడని తేలి, ఇచ్చిన కొద్ది రోజులకే బహుమతి వెనక్కి వెళ్లింది. అంత పేపర్‌కే తప్పలేదు, మీ వరండా గోడ ఎంత.

పిల్లల మీద నేరాల జోలికి వెళ్లే వార్తలుంటే మాత్రం జాగ్రత్త. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం 2012, 23వ సెక్షన్ ప్రకారం బాధిత బాలల పేరు, చిరునామా, ఫోటో, కుటుంబం వివరాలు, బడి, ఊరు, గుర్తుపట్టేలా చేసే ఏదీ బయటపెట్టకూడదు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. "పేరు మార్చాం" అని రాసి పక్కనే ఊరు, తరగతి, తండ్రి వృత్తి రాస్తుంటారు. నలభై గడపల ఊళ్లో అది పేరు చెప్పడమే. అలాంటి అంశాలు పోటీలోకే రాకుండా ఆపేయండి, ఆ వయసు పిల్లలకి ఆ బరువు వద్దు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కూడా చూడండి, నేరం చేశాడని పట్టుబడ్డ బాలుడి వివరాలకీ అదే రక్షణ ఉంది.

ఏఐ సంగతి. వాడారో లేదో చెబుతామనే చెకర్లు ఏవేవో ఉన్నాయి. తెలుగు కాపీ మీద వాటి మాట నమ్మి పిల్లల్ని దోషులుగా నిలబెట్టకండి. చివరి దాకా నిలిచిన పదిమందినీ ఐదేసి నిమిషాలు కూర్చోబెట్టి అడగండి. ఆ ఆఫీసు గేటు ఎటువైపు ఉంది? ఆయన మాట్లాడుతున్నప్పుడు కూర్చున్నాడా, నిలబడ్డాడా? వెళ్లినవాడు ఆలోచించకుండా చెబుతాడు.

బీఏ జర్నలిజం, సెకండియర్

మేడమ్, నేను గుంటూరు వైపు నుంచి. ఇంటర్‌లోనూ డిగ్రీలోనూ కలిపి ఆరు పోటీల్లో రాశాను, ఒక్కదాంట్లో కన్సొలేషన్ వచ్చింది. రాసేవాళ్ల వైపు నుంచి చెబుతాను.

దయచేసి ఫాంట్ గురించి ఒక లైన్ రాయండి. ఒక పోటీలో "డీటీపీ చేసి పంపాలి" అని మాత్రమే ఉంది. నేను ఫోన్‌లో యూనికోడ్‌లో టైప్ చేసి పంపాను. వాళ్ల కంప్యూటర్‌లో డీటీపీకి వాడే పాత రకం అను ఫాంట్స్ తప్ప ఇంకేం లేవట, పేజీలు కట్టే పేజ్‌మేకర్‌లో పెడితే డబ్బాలు డబ్బాలుగా వచ్చిందట. "ఫైల్ ఓపెన్ కాలేదు" అని తీసేశారు. నాకు ఆ సంగతి ఫలితాలు వచ్చాక తెలిసింది. నా ఫ్రెండ్ డీటీపీ సెంటర్‌లో పేజీకి నలభై రూపాయలు ఇచ్చి చేయించుకుంది, ఆ సెంటర్ ఆయన దాంట్లో మూడు మాటలు మార్చేశాడు. చేతిరాత ఒప్పుకుంటే అందరికీ మంచిది.

పదాల లెక్క కూడా మీరన్నట్టే. "వెళ్లాల్సివచ్చిందని" తెలుగులో ఒక్క మాట, ఇంగ్లిష్‌లో నాలుగైదు అవుతాయి. 500 ఇంగ్లిష్ పదాల్లో పట్టే వార్త మనకి 350లోనే పట్టేస్తుంది. అంటే 500 ఇస్తే తెలుగువాళ్లకి చోటు ఎక్కువ, అందుకే చివర సొంత అభిప్రాయాలతో నింపుతాం (నేను నింపాను). రెండు భాషలకీ వేరే పరిమితి పెట్టండి, లేదా బహుమతులే వేరు చేయండి.

ఇంకా ముఖ్యమైనది. "పంపిన రచనలపై సర్వహక్కులు నిర్వాహకులవే" అని ప్రతి పోటీలోనూ ఉంటుంది. కన్సొలేషన్ వచ్చిన నా వార్తని సావనీర్‌లో వేసుకున్నారు, నా పేరు బదులు "మా విద్యార్థి బృందం" అని వేశారు. నేను ఆ కాలేజీ విద్యార్థినే కాదు. తర్వాత క్లాసులో కాపీరైట్ చట్టం చెప్పినప్పుడు తెలిసింది, 1957 చట్టం ప్రకారం హక్కు మొదట రాసినవాళ్లదే, ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా ఇవ్వాలి. హక్కు ఇచ్చేసినా "ఇది నేను రాశాను" అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మనకే ఉంటుంది. "ఒకసారి ప్రచురించుకుంటాం, రాసినవాళ్ల పేరుతో" అని రాస్తే సరిపోతుంది కదా మేడమ్.

పదిహేను రోజుల గడువు కూడా పెంచండి. నేను ఒకసారి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి రాద్దామనుకున్నాను. మండల ఆఫీసుకి ఐదు రూపాయలు, జిల్లా ఆఫీసుకి పది, ఖర్చు లేదు. కానీ జవాబు ఇవ్వడానికి వాళ్లకి 30 రోజులు ఉంటాయి. జవాబు వచ్చేసరికి పోటీ అయిపోయి సర్టిఫికెట్లు కూడా ఇచ్చేశారు.

ఫ్రిస్కో నాన్న

మాది నరసన్నపేట, ఇప్పుడు టెక్సస్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి పదకొండో తరగతి. ఇక్కడ యూఐఎల్ అని టెక్సస్ యూనివర్సిటీ ఆధ్వర్యంలో స్కూళ్ల మధ్య పోటీలు జరుగుతాయి, ఆటలు, లెక్కలు, డిబేట్‌తో పాటు జర్నలిజం కూడా. దాని పద్ధతి మేడమ్ గారికి పనికొస్తుందేమో.

ఇంటి దగ్గర రాసుకొచ్చేది ఏదీ ఉండదు. హాల్లో కూర్చోబెట్టి ఒక కాగితం ఇస్తారు. అందులో ఒక సంఘటన వివరాలు, నలుగురైదుగురు చెప్పిన మాటలు కలగాపులగంగా ఉంటాయి. న్యూస్ రైటింగ్‌కి 45 నిమిషాలు, ఫీచర్‌కి 60, ఎడిటోరియల్‌కి 45. శీర్షికలు పెట్టడానికి వేరే పోటీ. ఇచ్చిన వాటిలో ఏది ముందు, ఏది వెనక, ఏది అసలు అక్కర్లేదు, అదే పరీక్ష. మాటలు కల్పించకూడదు.

మొదటి ఏడాది మా అమ్మాయి "అందరూ సంతోషంగా ఉన్నారు" అని ఒక వాక్యం సొంతంగా కలిపింది. ఎంతో బాగా రాశానని వచ్చింది, కాగితం తిరిగిచ్చినప్పుడు ఆ వాక్యం చుట్టూ ఎర్ర సున్నా. "హూ టోల్డ్ యూ?" అని రాసి ఉంది పక్కన. ఇప్పుడు మా ఇంట్లో అది ఊతపదం. కూరలో ఉప్పెక్కువైంది అంటే కూడా హూ టోల్డ్ యూ అంటుంది.

దీంట్లో దించడం కుదరదు. కానీ చున్నీకి ముడులు వేసే పిల్ల దీంట్లో కనపడదు, పాత డెస్కు గారు చెప్పినది చదివాక నాకూ అదే అనిపిస్తోంది. రెండూ పెడితే? ఇంటి దగ్గర రాసింది సగం, హాల్లో రాసింది సగం.

ప్రిన్సిపాల్ సంతకం గొడవ ఇక్కడా ఉంది. మిస్సోరీలో హేజల్‌వుడ్ అనే చోట 1983లో ప్రిన్సిపాల్ స్కూలు పేపర్‌లోంచి రెండు పేజీలు ఎత్తేశాడు. ఒక వ్యాసం టీనేజీ గర్భాల మీద, ఇంకోటి తల్లిదండ్రుల విడాకుల మీద. పిల్లలు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 1988లో 5-3తో ఓడిపోయారు. ఆ తర్వాత కొన్ని రాష్ట్రాలు పిల్లల పక్షాన వేరే చట్టాలు చేసుకున్నాయి. కోర్టు సంగతి ఎలా ఉన్నా, ఒకటి గమనించండి. అక్కడ ప్రిన్సిపాల్ ఆపింది స్కూలు డబ్బుతో అచ్చయ్యే పేపర్‌ని. మీది పోటీ, అచ్చు వేయడం లేదు. సంతకం ఎందుకో మీరే చెప్పాలి.

తెలుగు మేడమ్, పార్వతీపురం

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని ఒక చిత్తుప్రతి రాశాను, ఇవాళ ఏడు కాలేజీల వాళ్లం కలిసి చదివాం.

నోటుపుస్తకం ఒప్పుకున్నారు, ఒక్కరు తప్ప. ఆయన "ఇంటర్ పిల్లలకి రికార్డులే రాయడానికి టైం లేదు" అన్నారు. చున్నీ కథ చెప్పాను. ఊరుకున్నారు. గడువు నలభై ఐదు రోజులు చేశాం. చేతిరాత గానీ యూనికోడ్ గానీ, ఏదైనా సరే. పొడవు పదాల్లో చెప్పడం మానేశాం, తెలుగుకి 350, ఇంగ్లిష్‌కి 500 అంటే మళ్లీ ఎవరో లెక్కపెట్టాలి. చేతిరాతలో మూడు పేజీలు అన్నాం. బహుమతులు రెండు భాషలకీ వేరు. జడ్జీలకి పేర్లూ కాలేజీ పేర్లూ కనపడవు, నంబర్లే. హాల్లో రాసే 45 నిమిషాల పోటీ చివరి పదిమందికి మాత్రమే పెడుతున్నాం, ఆ తర్వాతే ఐదు నిమిషాల ప్రశ్నలు. ఏఐ గురించి ఇలా రాశాను, భాష సరిపోయిందో చూడండి: "అక్షరదోషాలు దిద్దుకోవడానికి వాడితే వాడానని రాయాలి. మీరు వెళ్లని చోటు గురించి, మాట్లాడని మనిషి గురించి అది రాసిచ్చిన వాక్యం ఒక్కటి ఉన్నా పోటీ నుంచి తీసేస్తాం."

సంతకం దగ్గర మాత్రం గంటసేపు వాదన జరిగింది. చివరికి ప్రిన్సిపాల్ సంతకం వార్త మీద ఉండదు. "ఈ విద్యార్థి మా కాలేజీలో చదువుతున్నాడు" అన్న కాగితం మీదే ఉంటుంది, అదీ వార్త రాయకముందే ఇవ్వాలి. ఎవరి మీద ఆరోపణ రాస్తే వాళ్లని అడిగి వాళ్ల జవాబు కూడా రాయాలి, అడిగినా చెప్పకపోతే ఎన్నిసార్లు అడిగారో రాయాలి. అది పెట్టాక ప్రిన్సిపాళ్లు కొంచెం మెత్తబడ్డారు. పద్దెనిమిది నిండనివాళ్లే అందరూ కాబట్టి తల్లి గానీ తండ్రి గానీ సంతకం పెట్టాలి, దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

డోలీ వార్త రాసిన అమ్మాయి సెకండియర్‌కి వచ్చింది. ఈసారి రాయను మేడమ్ అంటోంది. నేనేం బలవంతపెట్టలేదు. సవర గురించి రాసిన నిబంధన ప్రింట్ తీసి ఇచ్చాను, మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

ఒకటి మిగిలింది. ఏనుగుల వార్త దించిన అబ్బాయి కూడా ఇప్పుడు సెకండియర్. వాడు వచ్చి పోటీకి పేరు ఇస్తానంటున్నాడు. "ఒకసారి దించినవాళ్లు ఇంకెప్పుడూ పాల్గొనరాదు" అని పెట్టాలని ఇద్దరు పట్టుబడుతున్నారు. షీల్డు వెనక్కి తీసుకున్న రోజు వాళ్ల నాన్న కాలేజీకి వచ్చి మా అందరి ముందూ నిలబడ్డాడు, నాకు అది కళ్లముందే ఉంది. పాత డెస్కు గారూ, మీరేమంటారు?

పాత డెస్కు, విశాఖ

ఆ ఏడాదికి తీసేయాలి, బహుమతి వెనక్కి తీసుకోవాలి. రెండూ అయిపోయాయి. రాసిపెట్టి లేని శిక్షని వెనక్కి వెళ్లి వేయడం ఏ పోటీలోనూ ఉండదు, ఉండకూడదు. ఈసారి నుంచి దించితే రెండేళ్లు నిషేధం అని రాసుకోండి, కావాలంటే.

వాణ్ని రానివ్వండి. నోటుపుస్తకం మాత్రం మిగతావాళ్ల కంటే రెండు నిమిషాలు ఎక్కువ చూడండి. సలహా అడిగితే, ఆ పన్నెండెకరాల అరటి తోట రైతు దగ్గరికి వెళ్లి పరిహారం వచ్చిందా లేదా అడిగి రమ్మనండి. అది ఎవరూ రాసి ఉండరు. ఫాలో అప్, అంటే పాత వార్త తర్వాత ఏమైందో, రాయడంలో మా పేపర్ల వాళ్లందరం పనిదొంగలమే.

శీర్షికకి పది మార్కులు ఉంచారా తీసేశారా? చెప్పలేదు.

తెలుగు మేడమ్, పార్వతీపురం

ఉంచాం సార్. పదికి పది.

నోటుపుస్తకాలు అరవై కొన్నాం, జేబులో పట్టేవి, నలభై పేజీలవి. బజార్లో స్టేషనరీ షాపు ఆయన సగం ధరకి ఇచ్చాడు, అట్ట మీద వాళ్ల షాపు పేరు ముద్రించుకుంటానన్నాడు, సరే అన్నాం. అబ్బాయికి మీ సలహా చెప్పాను. రైతు ఊరు వాడికి తెలియదు. ఆ ఊరు వాడు దించిన వార్తలోనే ఉంది, మొదటి లైన్లోనే. చదువుకో అని ఆ డ్రాయింగ్ షీటే తీసిచ్చాను.

ఆ మండల విలేకరి గారిని ఈసారి జడ్జిగా పిలిచాం. వస్తానన్నారు. ఒక్క షరతు పెట్టారు, తన ఐటెమ్ మళ్లీ వస్తే మార్కులు వేయనని.